ఓటుకు పెట్టకూడనివి

అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుకోమని ప్రభుత్వం ఇచ్చే 128 ప్రశ్నల్లో మొట్టమొదటిది ఇది: అమెరికాలో ఉన్నది ఏ రకమైన ప్రభుత్వం? గణతంత్రమన్నా సరే, రాజ్యాంగబద్ధమైన సమాఖ్య గణతంత్రమన్నా సరే, ప్రాతినిధ్య ప్రజాస్వామ్యమన్నా సరే, ఒప్పుకుంటారు. పరీక్షకు కూర్చునేది నేను కాబట్టి ఈ ఉదారత నాకు బాగానే నచ్చింది. పప్పుకు తాలింపు వేస్తుంటే పక్కన నిలబడి ప్రశ్నలడుగుతున్న మా అమ్మాయికి మాత్రం నచ్చలేదు.

"మూడూ ఒకే ప్రశ్నకు జవాబులెలా అవుతాయమ్మా? మా క్లాసులో ఒక అబ్బాయి ఇది రిపబ్లిక్కే, డెమోక్రసీ కాదు అంటున్నాడు. రాజ్యాంగంలో డెమోక్రసీ అన్న మాటే లేదట. టీచరేమో రెండూ అంటారు. ఇప్పుడు ప్రభుత్వం కూడా ఏదో ఒకటి చెప్పి పొమ్మంటోంది."

ఆ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. రాజ్యాంగంలో ఆ మాట లేదు, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనలోనూ లేదు. ఉన్నదల్లా నాలుగో అధికరణంలో ఒక హామీ: ప్రతి రాష్ట్రానికీ గణతంత్ర తరహా ప్రభుత్వం ఉండేలా కేంద్రం చూస్తుందని. పొద్దున్నే బడిలో పిల్లలు జెండాకు ఎదురుగా నిలబడి చెప్పే ప్రతిజ్ఞలో కూడా విధేయత ప్రకటించేది జెండాకూ, "ఆ జెండా ప్రతినిధిగా నిలిచే గణతంత్రానికీ". మసాచుసెట్స్‌లో ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రమంటే ప్రధానంగా పౌరశాస్త్రమే కాబట్టి, ఆ సంవత్సరమంతా మా ఇంట్లో రాత్రి భోజనం దగ్గర ఇదే గోల.

నేను పెరిగిన చోట ఈ రెంటికీ తగువు ఉంటుందని ఎవరికీ తోచదు. బడి గోడ మీద రాసి ఉన్న రాజ్యాంగ పీఠికలో "ప్రజాస్వామ్య గణతంత్ర రాజ్యం" అని రెండూ పక్కపక్కనే ఉండేవి. జనవరి 26న జెండా ఎగరేసి, బిళ్ళలు పంచి, ఇంటికి పంపేవారు. మాకు గణతంత్రమంటే రాజు లేకపోవడం. 1947లో స్వాతంత్ర్యం వచ్చినా 1950 జనవరి 26 దాకా కాగితం మీద మన రాజు ఆరో జార్జే. ఆ రోజున ఆ పదవి పోయి, ఎన్నికైన రాష్ట్రపతి వచ్చారు. ఆ లెక్కన బ్రిటన్ ఇప్పటికీ ప్రజాస్వామ్యమే కాని గణతంత్రం కాదు. చైనా గణతంత్రమే, పేరులోనే ఉంది, అక్కడి ఎన్నికల సంగతి మాత్రం అడక్కూడదు. దేశానికి పెద్ద పుట్టుకతో వస్తాడా, ఎంపికై వస్తాడా అన్నది ఒక ప్రశ్న. జనం మాట చెల్లుతుందా లేదా అన్నది ఇంకొకటి. నేను ఇలా విడదీసి చెబితే మా అమ్మాయి ఒప్పుకోలేదు. వాళ్ళ పుస్తకంలో అలా లేదట. నిజంగానే లేదు.

వాళ్ళ పుస్తకంలో ఉన్నది అమెరికా రాజ్యాంగం రాసినవాళ్ళలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్. 1787 నవంబరు 22న న్యూయార్క్ పత్రికలో, కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో పదోదానిలో ఆయన గీత గీశాడు: కొద్దిమంది పౌరులు ఒకచోట చేరి స్వయంగా పాలించుకుంటే అది శుద్ధ ప్రజాస్వామ్యం, ప్రతినిధులను ఎన్నుకుని వారి ద్వారా పాలించుకుంటే గణతంత్రం. రాజు ఊసే లేదు. ఆయన భయం వేరు. ఒకే ఆవేశమో, ఒకే స్వప్రయోజనమో ఉన్నవాళ్ళంతా ఒక గుంపు కట్టి, ఆ గుంపే మెజారిటీ అయి కూర్చుంటే మిగతావాళ్ళ గతేమిటని. దేశం పెద్దదైతే రకరకాల గుంపులుంటాయి కాబట్టి ఏ ఒక్కటీ అంత తేలిగ్గా పెత్తనం చెయ్యలేదని ఆయన లెక్క.

ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. దానికి ముందు ఏడాదే ఇదే మసాచుసెట్స్ పడమటి భాగంలో అప్పుల్లో మునిగిన రైతులు, జప్తులు ఆపాలని కోర్టులను మూయించారు. 1787 జనవరిలో డేనియల్ షేస్ నాయకత్వంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళ్ళారు. ఆ కబురు విని ఉలిక్కిపడ్డ పెద్దమనుషులే కొన్ని నెలలకు ఫిలడెల్ఫియాలో కూర్చుని రాజ్యాంగం రాశారు. అప్పుల రైతు గురించి చదివినప్పుడు నా మనసు రైతు వైపే పోతుంది, అది మా పుట్టింటి గాలి. వడ్డీకి తిప్పేవాళ్ళ కంటికి మెజారిటీ ఎప్పుడూ మూకలాగే కనిపిస్తుందని మా అమ్మాయితో అన్నాను. అది వ్యాసంలో రాస్తానంటే, రాసుకో, మా అమ్మ చెప్పిందని మాత్రం రాయకు అన్నాను.

అసలు తమాషా ఏమిటంటే, మాడిసన్ జాలిపడి పక్కన పెట్టిన ఆ శుద్ధ ప్రజాస్వామ్యం మా ఊళ్ళో ఇంకా నడుస్తోంది. బోస్టన్‌కు పడమర ఉన్న చాలా ఊళ్ళలో మేయరు ఉండడు. ఏడాదికొకసారి, అవసరమైతే ఇంకోసారి, హైస్కూలు ఆడిటోరియంలో టౌన్ మీటింగ్ జరుగుతుంది. ఓటరుగా నమోదైన ఎవరైనా రావచ్చు, మాట్లాడవచ్చు, చెయ్యెత్తవచ్చు. ఊరి శాసనసభ అదే. బడ్జెట్టు అక్కడే పాస్ కావాలి. క్రితం ఏడాది వసంతంలో మా నాన్నగారు వచ్చినప్పుడు ఆయన్ను తీసుకెళ్ళాను. గుంటూరు జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైన మనిషి. కొత్త ఊరికి వెళ్తే గుడి కన్నా ముందు పంచాయతీ ఆఫీసు ఎక్కడని అడిగే రకం.

తలుపు దగ్గర ఓటర్ల జాబితాలో పేరు చూసి రంగు కార్డు ఇస్తున్నారు. మాకు ఇవ్వలేదు. ఒక పక్కగా తాడు కట్టి, ఓటు లేనివారు ఇక్కడ కూర్చోవాలని బోర్డు పెట్టారు. అక్కడ కూర్చున్నాం ముగ్గురం: పర్యాటక వీసా మీద వచ్చిన తాతయ్య, గ్రీన్ కార్డుతో ఉన్న నేను, పుట్టుకతో పౌరురాలైనా ఇంకా పద్దెనిమిదేళ్ళు రాని మనవరాలు. మూడు తరాలు, మూడు వేరువేరు కారణాలు, కార్డు మాత్రం ఒక్కరి చేతిలోనూ లేదు.

"సర్పంచ్ ఎవరమ్మా?" అని నాన్నగారు చెవిలో అడిగారు.

"సర్పంచ్ లేరు నాన్నగారూ. ఎన్నికైన ఒక బోర్డు, జీతానికి పెట్టుకున్న మేనేజరు ఉంటారు. ఆ ముందు నిలబడ్డాయన సభ నడిపేవాడు, అంతే."

ఆ రాత్రి ఎక్కువ సేపు తిన్నది పెట్రోలుతో నడిచే లీఫ్ బ్లోయర్లు. రాలిన ఆకులను ఊది కుప్పవేసే ఆ యంత్రాలను వేసవిలో నిషేధించాలని ఎవరో ప్రతిపాదించారు. వార్షిక సభలో ఒక విషయం చర్చకు పెట్టించడానికి పదిమంది ఓటర్ల సంతకాలు చాలు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సు ఒకామె మైకు దగ్గరకొచ్చి తన నిద్ర సంగతి చెప్పింది. తోటపని కంపెనీ నడిపే ఒకాయన, బ్యాటరీ యంత్రాలు కొనాలంటే ఎంతవుతుందో కాగితం చూసి చదివాడు. ఒక పెద్దాయన లేచి, నా చిన్నప్పుడు చీపురు ఉండేదని చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టబోయినవాళ్ళను సభ నడిపేవాడు చెయ్యెత్తి ఆపాడు. ఇక్కడ చప్పట్లు కూడదట, ఎదుటి పక్షం జంకుతుందని. కార్డులెత్తారు, వరుస వరుసకూ మనుషులొచ్చి లెక్కపెట్టారు, నిషేధం స్వల్ప తేడాతో నెగ్గింది.

"ఆకులు ఊదే మిషను మీద ఇంతసేపా?" అన్నారు నాన్నగారు. కాసేపయ్యాక ఆయనలోని కార్యదర్శి మేలుకున్నాడు. "ఊళ్ళో ఓటర్లు ఎంతమంది?" వేలల్లో ఉంటారన్నాను. హాల్లో ఉన్నది కొన్ని వందలు. "మిగతావాళ్ళు?" ఇంట్లో ఉన్నారన్నాను. ఆయన ముఖం విప్పారింది. "అయితే మన గ్రామసభే!"

వచ్చినవాళ్ళ తలలు చూస్తే ఇంకొకటి అర్థమైంది. నెరసిన తలలు ఎక్కువ, చిన్నపిల్లల తల్లులు తక్కువ. వారం మధ్యలో రాత్రి పదిన్నర దాకా కూర్చోగలిగినవాళ్ళదే ప్రత్యక్ష ప్రజాస్వామ్యం. మా వీధిలో ఉన్న తెలుగు కుటుంబాల్లో సగానికి పైగా ఇంకా గ్రీన్ కార్డు వరుసలోనే ఉన్నాయి. ఏ ఒక్క దేశానికీ ఏటా ఏడు శాతం మించి ఇవ్వకూడదని 1990లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టం పుణ్యం. పన్ను కడతారు, పిల్లలు ఇక్కడి బడిలోనే చదువుతారు, తాడు ఇవతల కూర్చుంటారు. కూర్చుంటారంటున్నాను కాని, రారు. ఓటు లేని చోటికి ఎందుకని.

ఆ నిషేధం మర్నాటినుంచే అమలవుతుందని మా అమ్మాయి అనుకుంది. అవలేదు. మసాచుసెట్స్‌లో ఊరి సభ చేసిన బైలా, అంటే ఊరి చట్టం, ఏదైనా సరే రాష్ట్ర అటార్నీ జనరల్‌కు వెళ్ళాలి. రాజ్యాంగానికో, రాష్ట్ర చట్టానికో విరుద్ధంగా లేదని తేలాకే చెల్లుతుంది. "అందరూ ఓటేసి గెలిచారు కదా, మళ్ళీ ఇంకొకరి అనుమతేమిటి?" అని తాతయ్యను అడిగింది. పంచాయతీ తీర్మానం చట్టానికి ఎదురుపోతే పైవాళ్ళు కొట్టేస్తారు తల్లీ, నేను రాసినవే పోయాయి అని ఆయన నవ్వారు. మా అమ్మాయికి నవ్వు రాలేదు. తన వైపు గెలిచినప్పుడు పైవాళ్ళ మీద మనిషికి కోపం రావడం సహజమే.

నేను చెప్పదలచుకున్నది అప్పుడు దొరికింది. సరే, ఈ హాలు రేపు లీఫ్ బ్లోయర్లు వదిలేసి, ఊళ్ళో ఇంగ్లీషు తప్ప ఇంకో భాషలో బోర్డు పెట్టకూడదని ఓటేస్తే? గుడి కట్టుకోవడానికి స్థలం ఇవ్వొద్దని ఓటేస్తే? చెయ్యెత్తేవాళ్ళు మనకంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటారు. అప్పుడు ఆ పైవాళ్ళు కావాలా, వద్దా?

ఇది ఊహ కాదు. ప్రతిరోజూ వాళ్ళు చెప్పే ఆ జెండా ప్రతిజ్ఞ కథే ఉంది. యెహోవా సాక్షుల మతానికి చెందిన పిల్లలు తమ విశ్వాసం ప్రకారం జెండాకు వందనం చెయ్యబోమన్నారు. పెన్సిల్వేనియాలో బడినుంచి వెళ్ళగొట్టారు. 1940లో సుప్రీంకోర్టు బడి పక్షాన నిలిచింది. మూడేళ్ళకే, 1943 జూన్ 14న, వెస్ట్ వర్జీనియా పిల్లల కేసులో అదే కోర్టు తన తీర్పును తానే తిరగరాసింది. న్యాయమూర్తి రాబర్ట్ జాక్సన్ రాసిన దాని సారం ఇది: కొన్ని హక్కులు ఓటుకు పెట్టేవి కావు, అవి ఏ ఎన్నిక ఫలితం మీదా ఆధారపడవు. దేశం యుద్ధంలో ఉంది. ఆ రోజున ఆ పిల్లల గురించి జనాన్ని ఓటడిగి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. గణతంత్రానికి విధేయత చెప్పే ప్రతిజ్ఞను చెప్పకుండా కూర్చునే హక్కు కూడా గణతంత్రమే ఇచ్చిందన్నమాట. ఆ మర్నాడు మా అమ్మాయి కూర్చుని చూసిందట. ఎవరూ ఏమీ అనలేదట. కొంచెం నిరాశపడింది.

అయితే ఆ క్లాసు అబ్బాయి వాదన ఇదేనా అంటే, నాకు అనుమానమే. "ఇది రిపబ్లిక్, డెమోక్రసీ కాదు" అన్న నినాదాన్ని 1960లలో జాన్ బర్చ్ సొసైటీ వంటి కుడిపక్ష సంఘాలు ఊరూరా మోశాయి. 2020 అక్టోబరులో యూటా సెనేటర్ మైక్ లీ, మనది ప్రజాస్వామ్యం కాదని ట్విట్టర్లో రాశారు. ఎక్కువగా ఇది వినిపించేది ఏదో ఒక లెక్క సరిపోనప్పుడు. 2000 అధ్యక్ష ఎన్నికలో అల్ గోర్‌కు దేశం మొత్తం మీద అయిదు లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ వచ్చాయి, 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షల పైచిలుకు ఎక్కువ వచ్చాయి, రాష్ట్రాలవారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లలో ఇద్దరూ ఓడిపోయారు. 3.95 కోట్ల జనమున్న కాలిఫోర్నియాకూ, ఆరు లక్షలు కూడా లేని వయోమింగ్‌కూ సెనేట్‌లో చెరి రెండు సీట్లే. రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 అని చెబితే మా అమ్మాయి అదే న్యాయం కదా అంది. ఎందుకిలా అని ఇక్కడ ఎవరైనా అడిగితే, రిపబ్లిక్ కాబట్టి అని ఉడుకుతున్న గిన్నె మీద మూత పెట్టేస్తారు. మాడిసన్ పేరు కూడా తెస్తారు. ఫిలడెల్ఫియాలో రాష్ట్రాలకు సమాన సీట్లు వద్దని గట్టిగా కొట్లాడి ఓడిపోయినవాళ్ళలో మాడిసన్ ఒకడని ఎవరూ చెప్పరు. ప్రతినిధుల చేత పాలించుకోవడానికీ, కొందరి ఓటుకు బరువెక్కువ ఉండటానికీ సంబంధమేమీ లేదు. గణతంత్రమని పేరు పెట్టుకున్నంత మాత్రాన ఏ తూకమూ సరైపోదు.

నేను మాత్రం కోర్టులను నెత్తిన పెట్టుకుని ఊరేగించే మనిషిని కాదు, ఎందుకంటే మనవాళ్ళ చరిత్రే అడ్డొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు పౌరసత్వం చెల్లదని 1923లో చెప్పింది సుప్రీంకోర్టే, అదీ ఏకగ్రీవంగా. వలస వచ్చినవాళ్ళలో పౌరసత్వం తెల్లవాళ్ళకూ, ఆఫ్రికా సంతతివాళ్ళకూ మాత్రమేనని చట్టమంది, భారతీయులు మామూలు మనిషి దృష్టిలో తెల్లవాళ్ళు కారు, అంతే. అప్పటికే పౌరులైన ఎంతోమంది భారతీయుల పౌరసత్వం రద్దు చేయించారు. ఆ తలుపు మళ్ళీ తెరిచింది కోర్టు కాదు. 1946లో కాంగ్రెస్ ఓటేసి, ట్రూమన్ సంతకం పెట్టిన చట్టం. దానికోసం తిరిగిన దిలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో కాలిఫోర్నియానుంచి అదే కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. నేను రేపు పౌరురాలినయ్యే దారి అలా మెజారిటీ వేసిందే.

మా అమ్మాయి దారి వేరు. ఇక్కడ పుట్టినవాళ్ళంతా పౌరులేనని 1868 నాటి పద్నాలుగో సవరణ చెబుతుంది. చైనీయులను రానివ్వకూడదని కాంగ్రెస్ 1882లోనే చట్టం చేసి ఉన్న రోజుల్లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు చైనా వెళ్ళి తిరిగొస్తే ఓడ దిగనివ్వలేదు. 1898లో సుప్రీంకోర్టు, తల్లిదండ్రులు పౌరులు కాకపోయినా ఇతను పౌరుడే అంది. అమ్మానాన్నలకు ఓటు లేక, పిల్లకు మాత్రం నీలం అమెరికా పాస్‌పోర్టు ఉన్న మా ఇల్లు ఆ తీర్పు నీడలోనే నిలబడింది. ఇవన్నీ నేను ఊరికే చదవలేదు. 2025 జనవరిలో, తాత్కాలిక వీసాలవాళ్ళకు ఇకమీదట పుట్టే పిల్లలకు పౌరసత్వం వర్తించదని అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చినప్పుడు, తెలుగు వాట్సాప్ గ్రూపులు రాత్రంతా నిద్రపోలేదు. కడుపుతో ఉన్న ఒక అమ్మాయి నాకు ఫోను చేసి, ప్రసవం తేదీ చెప్పి, అక్కా, మాకెలా అని ఏడ్చింది. కోర్టులు అమలు ఆపాయి. ఆ గొడవల్లో మా అమ్మాయి ఒక రాత్రి నా పక్కన చేరి, అందరూ ఓటేస్తే నన్ను కూడా తీసేస్తారా అని అడిగింది.

ఆ ప్రశ్నకు జోలపాట పనికిరాదు, లెక్క చెప్పాలి. రాజ్యాంగం మార్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు, ఆ తరవాత 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. ఒక ఎన్నిక గెలిస్తే చాలదు, రెండు గెలిచినా చాలదు. అలాగే, ఎప్పటికీ వీల్లేదని కూడా కాదు, అది నీ చెవిలో వెయ్యకుండా ఉండలేను అన్నాను. 38 అని వేళ్ళు లెక్కపెట్టుకుని, పదమూడు రాష్ట్రాలు కాదంటే చాలన్నమాట అని తనే తేల్చుకుని, నిద్రపోయింది.

ఇంటర్వ్యూలో అధికారి ఆ మొదటి ప్రశ్న నన్ను అడగలేదు. సెనేటర్ల పదవీకాలం అడిగాడు, ఆరేళ్ళు అన్నాను. ప్రమాణం బోస్టన్‌లోని ఫాన్యుయిల్ హాల్లో. బోస్టన్ 1822లో నగరమయ్యేదాకా దాని టౌన్ మీటింగులు కూడా ఆ హాల్లోనే జరిగేవి. కుడిచెయ్యెత్తి మేమంతా కట్టుబడతామన్నది రాజ్యాంగానికి, చట్టాలకు. అధ్యక్షుడి పేరు అందులో ఎక్కడా లేదు. నీలం పాస్‌పోర్టు వచ్చాక పాతది అప్పజెప్పాలి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుకు మళ్ళీ కాగితాలు పెట్టాలి, మా ఆయన ఆ ఫైలు ఇంకా కడుతూనే ఉన్నారు. గుంటూరులో నాకిక ఓటుండదు. ఎలాగూ విమానమెక్కి వెళ్ళి వేసిందీ లేదు.

ఇక్కడి ఓటు మీద మాత్రం అప్పుడే ఇంట్లో దావా పడింది. 1980లో రాష్ట్ర ఓటర్లు నేరుగా ఓటేసి తెచ్చుకున్న ఒక చట్టం ప్రకారం, కొత్త నిర్మాణాలు వదిలేస్తే, ఊరి మొత్తం ఆస్తిపన్ను ఏడాదికి రెండున్నర శాతానికి మించి పెంచకూడదు. పెంచాలంటే మళ్ళీ ఊరి ఓటర్లనే అడగాలి. ఈ వసంతంలో అడుగుతున్నారు. కాదంటే బడిలో తగ్గించే వాటి జాబితాలో తీగ వాద్యాల క్లాసు ఉంది, మా అమ్మాయి వయోలా వాయిస్తుంది. మా ఆయన పన్ను బిల్లు చూపించి వద్దంటున్నారు. ఆయన ప్రమాణం వచ్చే నెల, ఈ ఎన్నికకు అందదు. కాబట్టి ఇంటి మొత్తానికి ఓటు నాదొక్కటే.

"నేను మైనరుని, నాన్నకు ఇంకా రాలేదు. నువ్వు మా ప్రతినిధివి," అంది మా అమ్మాయి. "మేము చెప్పినట్టు వెయ్యాలి."

మీరిద్దరూ చెరొకటి చెబుతుంటే ఎవరు చెప్పినట్టు వెయ్యాలి అన్నాను. ఇద్దరి మాటా విని, నాకు సబబనిపించింది వేస్తాను, మాడిసన్ చెప్పిన ప్రతినిధి చేసే పని అదే అన్నాను. అయితే మాడిసన్ ప్రతినిధులను రెండేళ్ళకోసారి మార్చుకోవచ్చు కదా అంది. రాత్రి చూస్తే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. పైన "ఓటరు సూచనలు" అని, కింద రెండు వరుసలు, తనదొకటి, వాళ్ళ నాన్నదొకటి. వాళ్ళ నాన్న కూడా సంతకం పెట్టారు.